మా బండిని మా గుడారం పక్కనే ఉండనివ్వండి

క్యాంప్‌సైట్‌లు నడుపుతున్నవారికి,

నమస్కారం. మీ గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది: "మీ వస్తువులకు మీదే బాధ్యత." మోటార్‌సైకిల్ మీద తిరుగుతూ నేను దిగిన చోట్లలో దాదాపు అన్నిటా ఉంది. దాంతో నాకు పేచీ లేదు. నా వస్తువులు, నా బాధ్యత, ఒప్పుకుంటాను. అది దాటి నాలుగడుగులు వేయగానే ఇంకో బోర్డు: "వాహనాలు ఇక్కడే నిలపాలి, లోపలికి అనుమతి లేదు." బాధ్యత నాదే అన్నవాళ్లే కాపలా కాసుకునే వీలు లేకుండా చేస్తే ఎలాగండీ? ఈ ఉత్తరం ఆ రెండో బోర్డు గురించి.

ఒక సాయంత్రం వానలో పూర్తిగా తడిసి ఒక క్యాంప్‌సైట్‌కి చేరాను. పేరు చెప్పను, అక్కడివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. బండి గేటు పక్క పార్కింగులో పెట్టమన్నారు. నాకిచ్చిన చోటు అక్కణ్ణుంచి నాలుగు నిమిషాల నడక, చెట్ల వెనక. బండి మీది సామాను ఒక్క విడతలో మోసుకెళ్లడం ఎవరి వల్లా కాదు. మొదటి విడత ట్యాంక్ బ్యాగు, హెల్మెట్టు, స్లీపింగ్ బ్యాగు పట్టుకెళ్లాను. బూట్లలో నీళ్లు కిచకిచలాడుతుంటే ఎంత వేగంగా నడవగలం? అవి ఓ చెట్టు కింద పెట్టి తిరిగొచ్చేసరికి వెనక ర్యాక్ మీది రెండు డ్రై బ్యాగులూ (నీళ్లు దూరని సంచులు) లేవు. పట్టీలు మాత్రం వేలాడుతున్నాయి. కత్తితో కోసిన పట్టీ అంచు ఎప్పుడైనా చూశారా? లాగి తెంపినదైతే పీచులు పీచులుగా ఉంటుంది. ఇది బ్లేడుతో కాగితం కోసినట్టు నున్నగా ఉంది. ఒక్కో పట్టీకి ఒక్కో కోత. తడి గ్లవ్స్‌తో ఆ బకిల్ విప్పడానికి నాకే అంతకన్నా ఎక్కువసేపు పట్టేది.

ఒక బ్యాగులో గుడారం బట్ట, రెండో దాంట్లో గుడారం పోల్స్, టూల్ రోల్, టైరు పంపు, పంక్చర్ కిట్, స్టవ్వు. తెల్లారాక పార్కింగు వెనక పొదల్లో పోల్స్ దొరికాయి. దొంగ సంచి విప్పి చూసి, ఈ సన్నటి కడ్డీలు దేనికి పనికొస్తాయో తోచక విసిరేసినట్టున్నాడు. మంచు పట్టి చల్లగా ఉన్న ఆ పోల్స్ చేత్తో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. గొడుగు గుడ్డ ఎగిరిపోయి కాడ చేతిలో మిగిలినట్టుంది నా పరిస్థితి.

ఆఫీసులో ఉన్నాయన నిజంగానే జాలిపడ్డాడు. "బండి పోలేదు కదండీ, అదే అదృష్టం" అన్నాడు.

ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. వాళ్ల లెక్కలో దొంగతనమంటే బండి పోవడం, మిగతావి చిల్లర. గుడారం లేని బండితో ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? పంపూ, పంక్చర్ కిట్టూ లేకుండా మర్నాడు మనుషులు తిరగని దారిలోకి ఎలా వెళ్లాలి? నా బండి చక్రం బోల్టుకి సరిపోయే పానా, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కూర్చుకున్న పనిముట్లు దొంగ అమ్ముకుంటే అతనికి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. నాకు మాత్రం ప్రయాణం అక్కడితో సరి. బండి ఉండీ, వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాను.

కారులో వచ్చేవాళ్లకు డిక్కీ ఉంటుంది. సామాను లోపల పడేసి బటన్ నొక్కి వెళ్లిపోతారు, లోపల ఏముందో బయటివాడికి తెలియదు. మాదంతా బయటికే కనబడుతుంది. సీటు మీద అడ్డంగా కట్టిన పొడుగాటి సంచి గుడారమని, ట్యాంకు మీది చిన్న సంచిలో కెమెరా, కాగితాలు ఉంటాయని, హ్యాండిల్ మీద బిగించినది నావిగేషన్ పరికరమని అలవాటున్న కన్ను దూరం నుంచే చెప్పేస్తుంది. మరి తాళాలున్న అల్యూమినియం పెట్టెలు, ప్లాస్టిక్ పెట్టెలు లేవా అంటారు. ఉన్నాయి. కానీ మట్టిదారులు పట్టేవాళ్లలో చాలామంది మెత్తటి సైడ్ బ్యాగులే కట్టుకుంటారు. బరువు తక్కువ, బండి పక్కకి ఒరిగినప్పుడు కాలు పెట్టెకీ నేలకీ మధ్య నలగదు. ఆ బ్యాగుల బట్ట కార్డ్యూరా అనో బాలిస్టిక్ నైలాన్ అనో గొప్పగా చెప్తారు. రోడ్డు మీద రాసుకుపోయినా ఓ పట్టాన చిరగదు, ఆ మాట నిజమే. కత్తి దగ్గర మాత్రం బట్ట బట్టే. నీళ్లు దూరకుండా మూతి చుట్టి బకిల్ పెట్టే రకానికైతే తాళం తగిలిద్దామన్నా జిప్పు కూడా ఉండదు.

మా వైపు నుంచి మేం చేసుకోవాల్సింది చేసుకుంటూనే ఉన్నాం. జాకెట్ చేతిలోంచి, హెల్మెట్ గడ్డం దగ్గరి ఖాళీలోంచి ఉక్కు కేబుల్ దూర్చి బండికి కట్టేస్తాం. హెల్మెట్టుని గడ్డం పట్టీ రింగుతో కొక్కేనికి తగిలిస్తే పట్టీ కోసేసి పట్టుకుపోతారని చాలామంది పోగొట్టుకున్నాకే నేర్చుకుంటారు. (పట్టీ లేని హెల్మెట్ పెట్టుకునేందుకు పనికిరాదు, అయినా పట్టుకుపోతారు.) పాస్‌పోర్టు, డబ్బు, బండి కాగితాలు ఒంటిమీదే. తాళంచెవి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర. గుడారం జిప్పుకి చిన్న తాళం వేసేవాళ్లున్నారు, నేనూ ఒకప్పుడు వేశాను. లోపల ఏదో ఉందని చాటింపు వేయడం తప్ప దాని వల్ల ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు విలువైనదేదీ లోపల ఉంచను, జిప్పుకి తాళం వేయను. ఎవడైనా చూడాలనుకుంటే తీసి చూసుకుపోతాడు, కనీసం బట్ట కోయడు.

బ్రేకు డిస్కుకి బిగించే డిస్క్ లాక్ ఉంది. అది బండిని నడిపించుకు పోకుండా ఆపుతుంది, అంతే. ఇద్దరు మనుషులు ఎత్తి వ్యానులో పెట్టారంటే లాకూ దాంతోపాటే పోతుంది. పైగా దాన్ని తీయడం మర్చిపోయి గేరు వేసినవాణ్ణి నేను. లాకు వెళ్లి బ్రేకు క్యాలిపర్‌కి తగిలి, నిండా సామానున్న బండి నిలబడ్డచోటే పక్కకి పడిపోయింది. పక్క గుడారాల పిల్లలకి మంచి కాలక్షేపం. అప్పట్నుంచీ లాకు నుంచి హ్యాండిల్‌కి ఎర్ర తాడు కడుతున్నాను.

గొలుసు సంగతికొద్దాం. 16 మిల్లీమీటర్ల మందమున్న గట్టి ఉక్కు గొలుసు మామూలు చేతి కట్టర్లకి లొంగదు. ఒకటిన్నర మీటరు ముక్క దాదాపు ఎనిమిది కిలోలు తూగుతుంది. నా గుడారం, స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే మ్యాట్, మూడూ కలిపినా అంత బరువుండవు. అందుకే ఎవరూ దాన్ని వెంట మోయరు. బదులుగా సన్నటి కేబుల్ మోస్తాం, దాన్ని తెంచడం ఎంత సులువో మాకూ తెలుసు, దొంగకూ తెలుసు. బ్యాటరీతో నడిచే యాంగిల్ గ్రైండర్ ఉన్నవాడికి 16 మిల్లీమీటర్ల గొలుసూ అడ్డం కాదు. కాకపోతే గ్రైండర్ చప్పుడు చేస్తుంది, నిప్పురవ్వలు చిమ్ముతుంది, మనుషులు పడుకున్న చోట దాన్ని ఆన్ చేయడానికి గుండె కావాలి. అదే గ్రైండర్‌ని మీ గేటు పక్క ఖాళీ పార్కింగులో ఆన్ చేస్తే వినేదెవరు?

తాళం మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో 2004లో అందరికీ తెలిసొచ్చింది. గొట్టం ఆకారపు చెవితో తెరుచుకునే క్రిప్టోనైట్ కంపెనీ తాళాలని బిక్ బాల్‌పెన్ను ప్లాస్టిక్ గొట్టంతో తెరిచేయొచ్చని బయటపడి, కంపెనీ వాటిని ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఇక ఈమధ్య ఏది చెప్పినా "ఎయిర్‌ట్యాగ్ పెట్టుకోవచ్చుగా" అంటున్నారు. వస్తువు ఎక్కడుందో ఫోనులో చూపించే ఆపిల్ వాళ్ల చిన్న బిళ్ల అది. పెట్టుకున్నాను, ఒకటి సీటు కింద, ఒకటి టూల్ బ్యాగులో. అది తానుగా ఉపగ్రహంతో మాట్లాడే పరికరం కాదు. బ్లూటూత్‌తో చుట్టుపక్కల ఉన్న ఆపిల్ ఫోన్లకి తన ఉనికి చెప్తుంది, ఆ ఫోన్లు దాని చోటు చేరవేస్తాయి. ఫోన్లే లేని అడవి అంచున అది మూగదే. పైగా ఎవరి వెంటా రహస్యంగా పెట్టి వెంబడించకుండా, తెలియని ట్యాగు తనతో కదులుతోందని ఫోను హెచ్చరిస్తుంది. 2024 నుంచి ఆపిల్, గూగుల్ కలిసి తెచ్చిన పద్ధతిలో రెండు రకాల ఫోన్లకీ ఆ హెచ్చరిక వస్తుంది. మంచి నియమమే, మనుషుల ప్రాణాలకి సంబంధించినది. దొంగకి కూడా అదే హెచ్చరిక వెళ్తుందన్నది మా ఖర్మ. ట్యాగు మాట విని ఒంటరిగా దొంగ గుమ్మం ముందు నిలబడే ధైర్యం నాకైతే లేదు.

ప్రయాణంలో వస్తువు పోతే ఎంత దూరం లాగుతుందో చెప్పడానికి ఒకరి పేరు తలుస్తాను. లండన్‌కి చెందిన ఎల్స్‌పెత్ బియర్డ్ 1982లో పాత బీఎండబ్ల్యూ ఆర్60/6 మీద ప్రపంచయాత్రకి బయల్దేరి 1984లో తిరిగొచ్చారు. సింగపూర్‌లో ఆవిడ పాస్‌పోర్టు, అందులోని వీసాలతో సహా ఎవరో కాజేశారు. బండి పోలేదు. ఆ కాగితాలన్నీ మళ్లీ సంపాదించుకోవడానికి వారాల తరబడి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. బండే పోయినా తలనొప్పి బండితో పోదు. కొన్ని దేశాల్లోకి బండి తీసుకెళ్లాలంటే కార్నే అనే పత్రాల పుస్తకం ఉండాలి. తెచ్చిన బండిని మళ్లీ దేశం దాటిస్తానని కస్టమ్స్‌కి ఇచ్చే హామీ అది. బండి దొంగలపాలైతే అది దేశం దాటలేదు కాబట్టి సుంకం కట్టమని పోగొట్టుకున్నవాణ్ణే అడిగే పరిస్థితి వస్తుంది. అప్పుడు వాడికి కావలసింది దొంగతనం జరిగిందనే కాగితం. ఆ కాగితం సంగతి చివర్లో చెప్తాను, మీతో పని ఉంది.

నేనడిగేది మొదటిది ఇదే: బండిని గుడారం పక్కన నిలుపుకోనివ్వండి. మాకు బండే బీరువా, బండే గోడ. నా చెవికి మూడడుగుల దూరంలో స్టాండు తీసిన చప్పుడైతే నిద్రలోనైనా లేస్తాను. ఎన్నో రాత్రులు గుడారం తాడొకటి బండి ఫుట్‌రెస్ట్‌కి కట్టి పడుకున్నాను, బండి కదిలితే నా నెత్తిమీది బట్ట కదులుతుందని.

మీ అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. చప్పుడు అంటారు. రాత్రి నిశ్శబ్ద వేళలో ఇంజిన్ వేయం, గేటు నుంచి తోసుకొస్తాం. సామానుతో రెండు వందల కిలోలు దాటే బండిని తడి గడ్డిలో తోసుకురావడం ఎంత పనో తోసినవాళ్లకి తెలుసు, అయినా తోస్తాం. గడ్డి పాడవుతుందంటారు. వానాకాలంలో నిజమే. స్టాండు కింద పెట్టే పలక మా దగ్గర ఉంటుంది, మీ దగ్గరా నాలుగు చెక్క ముక్కలుంటే చాలు. దారి అంచున గట్టి నేల ఉన్న చోట్లు మూడో నాలుగో మోటార్‌సైకిళ్ల కోసం విడిగా ఉంచితే గడ్డి గొడవే ఉండదు. పిల్లలు తిరిగే చోట బండ్లా అంటారు. దానికి నా దగ్గర వాదన లేదు. అలాంటి చోట లోపలికి వద్దనండి, ఒప్పుకుంటాను, ఒప్పుకుని కింది మాట అడుగుతాను.

బండి దూరంగానే ఉండాలంటే కాంక్రీటు దిమ్మలో మందపాటి ఉక్కు రింగు పాతించండి. రెండు బండ్లకి ఒకటి చాలు. నేలకి కాస్త ఎత్తులో ఉండాలి. ఎందుకంటే నేల మీద పడున్న గొలుసుని సుత్తితో కొట్టడం తేలిక. కట్టర్ పిడి ఒకటి నేలకి ఆనించి, రెండో పిడి మీద ఒళ్లు బరువంతా వేసి తుంచడం ఇంకా తేలిక. గాలిలో బిగువుగా ఉన్న గొలుసుతో ఆ వీలు లేదు. ముందు చక్రానికి కాకుండా వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌లోంచి గొలుసు తిప్పేలా రింగు ఉంటే మంచిది, ముందు చక్రం విప్పి వదిలేసి బండిని ఎత్తుకుపోవచ్చు కాబట్టి. ఆ రింగుకి గొలుసు కూడా మీరే ఉంచండి. ఎనిమిది కిలోలు నాకు బరువు, మీకు కాదు. అది అక్కడే పడుంటుంది. తాళం మేం తెచ్చుకుంటాం. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్, నెదర్లాండ్స్‌లో ఏఆర్‌టీ అనే సంస్థలు గొలుసులని, తాళాలని పరికరాలతో పరీక్షించి గ్రేడ్లు ఇస్తాయి. కొనేటప్పుడు ఆ గుర్తు చూసి కొనండి. దీని ఖర్చు మా అద్దెలో కలిపినా ఎవరూ గొణగరు, నేనైతే గొణగను.

లాకర్లు పెట్టేవాళ్లు ఒక సంగతి గమనించాలి. కారవాన్ల (చక్రాల మీది ఇళ్ల) సామాను అరలకి వాడే తాళాల్లో సీహెచ్751 అనే నంబరుది ఒకటుంది. ఆ ఒక్క చెవి అదే రకం తాళాలు లెక్కలేనన్నిటిని తెరుస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. అలాంటిది వేసిన లాకర్ కన్నా తాళం లేని లాకరే నయం, కనీసం ఆశ పెట్టుకోం. తలుపుకి గట్టి కొక్కెం ఉంచండి, తాళం మాది. హెల్మెట్టు, బూట్లు పట్టేంత వెడల్పు ఉండాలి. నేను చూసిన లాకర్లలో సగం చెప్పులు పెట్టుకునేంతే ఉన్నాయి.

లాకర్ లోపల ఒక ప్లగ్ పాయింటు ఇస్తే మీకు దండం పెడతాను. ఎందుకో చెప్తాను. మా ఫోనే మాకు మ్యాపు, టికెట్టు, బ్యాంకు, ఇంటి గొంతు. కారు నడిపేవాడు కారులోనే ఛార్జి చేసుకుంటాడు. మేం రాత్రిపూట ఎక్కడ చేసుకోవాలి? మీ స్నానాల గదుల దగ్గర అద్దం కింద ఉన్న ఆ ఒక్క సాకెట్ దగ్గర. అక్కడికి రాత్రి పదింటికి వెళ్లి చూడండి. ముగ్గురో నలుగురో గోడకి ఆనుకుని, ఛార్జింగుకి పెట్టిన ఫోన్లకి కాపలా కాస్తూ, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉంటారు. స్నానం చేస్తే ఫోను పోతుందని భయం, ఫోను కాస్తే స్నానం లేదు. ఒకసారి నేను ఫోను కవరులో చుట్టి స్నానం గదిలోపలికి తీసుకెళ్లి సబ్బు పెట్టె మీద పెట్టాను. జారి బకెట్‌లో పడింది. ఆ నష్టం మీ మీద వేయనులెండి.

సీసీ కెమెరాలు ఊరంతా పెట్టమని అడగడం లేదు. బట్టలు ఆరేసుకునే చోట కెమెరా నాకూ ఇష్టం లేదు. కెమెరా కన్నా పక్క గుడారంలో మనిషి మేలు. బండి మీద వచ్చినవాళ్లని తలో మూల పడేయకుండా ఒకచోట దింపండి. గంటలో ఒకరి బండి గురించి ఒకరం మాట్లాడుకుంటాం, రెండో గంటకి "కాస్త చూస్తుండండి, స్నానం చేసొస్తా" అనుకునేంత చనువు వస్తుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పక్క గుడారంవాడే దొంగైతే ఏం చేస్తావని మీరడగొచ్చు. జరగొచ్చు. నాకు ఇన్నేళ్లలో జరగలేదు. నాకు పోయినవన్నీ మనుషులు లేని చోటే పోయాయి.

ఇక ఆ కాగితం సంగతి. దొంగతనం జరిగిందని మీ ఆఫీసుకి వస్తే "పోలీసులకి చెప్పుకోండి" అని పంపేస్తున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్తాం, తప్పదు. అంతకన్నా ముందు మీరు చేయాల్సిన పని రెండు నిమిషాలది. గేటు కెమెరా రికార్డింగు విడిగా దాచండి. రికార్డర్‌లో చోటు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి. నా విషయంలో, "చూసి చెప్తాం" అన్నవాళ్లు తీరిగ్గా చూసేసరికి ఆ రాత్రి చెరిగిపోయింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఆ తర్వాత నాకొక క్షమాపణ ఉత్తరం వచ్చింది. రెండోది, ఫలానా తేదీన ఫలానా మనిషి మా దగ్గర దిగారు, ఫలానా వేళకి ఫిర్యాదు చేశారు, బండి మీది పట్టీలు కోసి ఉండటం మేం చూశాం అని నాలుగు వాక్యాలు రాసి సంతకం చేసి ఇవ్వండి. చాలా బీమా పాలసీలు తాళం పగలగొట్టిన ఆనవాలు అడుగుతాయి. బండి మీద కట్టిన సంచికి తాళమే ఉండదు కాబట్టి, తెగిన పట్టీని కళ్లారా చూసిన సాక్షి మాట తప్ప మాకు వేరే ఆధారం లేదు. ఆ సాక్షి అప్పుడు మీరే.

వచ్చే సీజన్‌లో మళ్లీ బయల్దేరుతున్నాను. కొత్త గుడారం కొన్నాను, పోల్స్ మాత్రం పాతవే, అదృష్టవశాత్తూ సరిపోయాయి. మీలో ఎవరి దగ్గరికైనా రావచ్చు. గేటు దగ్గర ఆగి ముందుగా ఒకటే అడుగుతాను, బండి ఎక్కడ పెట్టాలని.

ఇట్లు,
బండి మీద వచ్చి గుడారం వేసుకునే ఒక అతిథి